వదిన సరిచూశాకే పూలు కోసేవారు

గురువారం ఉదయం ఆరుంబావుకు చేవెళ్లలో మా వదిన గుండె ఆగి చనిపోయారు. యాభై మూడేళ్లు. బుధవారం సాయంత్రం ఐదున్నర వరకు ఆమె మొయినాబాద్ ఆఫీసులో పనిలోనే ఉన్నారు.

ఆ ఆఫీసులో ఉండేది ఆరుగురు. చుట్టుపక్కల సురంగల్, హిమాయత్‌నగర్ ఊళ్లలో గులాబీలు పండించే రైతుల కోసం వాళ్లు ఒక సాఫ్ట్‌వేర్ నడుపుతారు. మర్నాడు ఎవరు ఎన్ని కట్టల పూలు కోయాలో ముందురోజు సాయంత్రమే రైతుల ఫోన్లకు మెసేజ్ వెళ్తుంది. ఎక్కువ కోస్తే పూలు వాడిపోతాయి. తక్కువ కోస్తే మార్కెట్‌కు బండి సగం ఖాళీగా పోతుంది. సాఫ్ట్‌వేర్‌లో ఏ మార్పు చేసినా, అది రైతుల దాకా వెళ్లకముందే ఆఫీసులో ఉంచుకున్న దాని నకలు మీద నడిపి తప్పులు పట్టడం వదిన ఉద్యోగం.

చేవెళ్లలో కిరాణా దుకాణం వాళ్లింట్లో పుట్టిన మనిషి. పిల్లలు బడికి వెళ్లడం మొదలయ్యాక కంప్యూటర్ నేర్చుకున్నారు. చేసే పని ఏమిటని ఒకసారి అడిగాను.

“అదొక ఇల్లు అనుకో మర్దీ. తలుపులు బంద్. లోపల ఎంతన్న ఇరగ్గొట్టు. ఇరగ్గొట్టే ముందు మాత్రం ఉన్నదున్నట్టు స్నాప్‌షాట్ తీసిపెట్టుకో. పని అయినంక మల్ల ఆడికే తెచ్చుకో. గడప అవతలికి చప్పుడు గూడ పోవద్దు.”

స్నాప్‌షాట్‌కు, అంటే ఆ క్షణాన సాఫ్ట్‌వేర్ ఎలా ఉందో అలాగే దాచిన ప్రతికి, ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’ అని పేరు పెడితే ఒప్పుకునేవారు కాదు. “పేరు సూడంగనే లోపల ఏమున్నదో తెల్వాలె. ఫైనల్ అంటే ఏం తెలుస్తది, నీ తలకాయ?” అనేవారు. ప్రతి శనివారం పాత స్నాప్‌షాట్ ఒకటి బయటికి తీసి, అది నిజంగా తిరిగి లేస్తుందో లేదో నడిపి చూసేవారు.

రెండేళ్ల కింద అలాంటి ఒక శనివారం తప్పు ఆమె చేతనే జరిగింది. పెళ్లిళ్ల సీజన్‌లో తీసిన స్నాప్‌షాట్‌ను, సీజన్ అయిపోయాక ఆ మధ్యాహ్నం లేపారు. మెసేజ్‌లు బయటికి వెళ్లే దారి మూయడం మరిచిపోయారు. ఆ నకలుకు ఇంకా పెళ్లిళ్ల రోజులే నడుస్తున్నాయి. అప్పట్లో పంపకుండా మిగిలిన మెసేజ్‌లన్నీ పంపేసింది. రేపటికి రెట్టింపు పూలు కోయమని నలభై ఒక్క మంది రైతులకు కబురు వెళ్లింది.

“టవర్ ప్రాబ్లం అని చెబుదాం మేడం,” అన్నారు ఆఫీసు యజమాని.

“టవర్ ఏం చేసింది పాపం? చేసింది నేను. నా పేరే చెప్పున్రి.”

ఇంకో మెసేజ్ పంపితే రెండింట్లో ఏది నమ్మాలో రైతుకు ఎలా తెలుస్తుంది? అందరికీ తానే ఫోన్ చేశారు. ఎత్తని ముగ్గురి కోసం షేర్ ఆటో ఎక్కి సురంగల్ వెళ్లారు. నేనూ వెంట ఉన్నాను. మొదటి ఇంట్లో ముసలి రైతు అంతా విని అడిగాడు.

“మిషిని గూడ పాత రోజులల్లకు పోతదా బిడ్డా?”

“పోతది బాపు. నేనే పంపిన.”

“అట్లయితే నన్ను గూడ పెండ్లి కాని రోజులల్లకు పంపు.”

లోపలి నుంచి అవ్వ గొంతు వినిపించింది. “పంపు బిడ్డా, నాకు ఫికర్ తప్పుతది.”

మూడో రైతు నవ్వలేదు. రెట్టింపు కావాలి కదా అని సాయంత్రమే మొదలుపెట్టి, అప్పటికే సగం తోట కోసేశాడు. “ఇగ మీ మెసేజ్ నమ్మం,” అన్నాడు. మర్నాటికి మిగతావాళ్లూ అదే మాట అన్నారు.

వదిన వాదించలేదు. “నమ్మకున్రి. నెల రోజులు నేనే ఫోన్ చేసి చెప్త. మెసేజ్ గూడ వస్తది. రెండు కలుస్తున్నయో లేదో మీరే సూడున్రి.”

రోజూ సాయంత్రం నలభై ఒక్క ఫోన్లు. ఒక్క రోజు తప్పలేదు. నెల నిండాక వద్దన్నది ఆ మూడో రైతే. “ఇగ సాలక్కా, జర అన్నం తిననియ్యవా?”

ఆ తర్వాత నకళ్లలో రైతుల నంబర్లు తీసేసి ఆఫీసువాళ్ల ఆరు నంబర్లు పెట్టారు. స్నాప్‌షాట్ లేపే ముందు బయటి దారి మూసి ఉందని ఇద్దరు చూసి రిజిస్టర్‌లో సంతకం చేయాలన్నారు. ఆ రిజిస్టర్ నేను చూశాను. మొదటి పేజీలో ఆమె తప్పు, ఆమె చేతిరాతలో, సమయంతో సహా ఉంది. తర్వాతి పేజీల్లో బయటికి పోయిన మెసేజ్ ఒక్కటీ లేదు. తప్పు ఒప్పుకోని వాళ్ల గురించి ముప్పై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను. ఆ మొదటి పేజీ రాసిన మనిషి మా ఇంటి మనిషి. అందుకు గర్వపడుతున్నాను.

అంత్యక్రియలకు సురంగల్ నుంచి రైతులు వచ్చారు. పెళ్లిళ్ల కోసం మార్చిన కొత్త వెర్షన్ నుంచి మొదటి మెసేజ్ ఈ శనివారం వెళ్లాలి. మేడం లేరు కాబట్టి ఈసారికి ఫోన్ కూడా చేయిస్తామని యజమాని ఆ మూడో రైతుకు చెప్పారు.

“ఫోనెందుకు సారు? అక్క నేర్పినోళ్లే గద పంపేది. మెసేజ్ సాలు.”

శనివారం ఉదయం పది గంటలకు, ఆమె దగ్గర పని నేర్చుకున్న ఇద్దరు సంతకాలు చేసి స్నాప్‌షాట్ లేపి, దాని మీద కొత్త వెర్షన్ నడిపి చూస్తారు. తప్పు లేదని తేలితే సాయంత్రం ఐదుకు మెసేజ్ వెళ్తుంది. ఆదివారం తెల్లవారగానే సురంగల్‌లో కోత.