పరాయి ముఠా

పరకాల చుట్టుపక్కల ఊళ్లలో పూలమ్మ ముఠా అంటే తెలియని రైతు లేడు. నాట్లేసే ఆడవాళ్ల గుంపుకు ఆమె పెద్ద. వానాకాలం వచ్చిందంటే ఏ రోజు ఎవరి మడిలో దిగాలో ఆమె చెప్పిందే మాట. "జర మా దాంట్ల ముందు దిగు పూలక్కా" అని రైతులు ఆమె వాకిట్లో కూర్చుని బతిమాలుకునేవారు. భర్త ఎల్లస్వామి చాలా ఏళ్లుగా బహ్రెయిన్‌లో భవనాలకు రంగులేస్తున్నాడు. ఆయన పంపింది ఇల్లు కట్టడానికీ అత్త మందులకూ సరిపోయేది. ఇద్దరు ఆడపిల్లల చదువు మాత్రం పూలమ్మ నడుము మీదే నడిచింది. పెద్దది హనుమకొండలో నర్సింగు చదువుతోంది.

ఆ ఏడాది వానలు ఆలస్యంగా పడ్డాయి. అందరికీ ఒక్కసారే నాట్లు కావలసి వచ్చింది. పూలమ్మ ముఠా పొద్దు పొడవక ముందే దిగి పొద్దుగూకాక లేచినా ఊరి మడులన్నిటికీ అందలేదు. నారు ముదిరిపోతుంటే సుదర్శన్ అనే రైతు ఇక ఆగలేక వరంగల్ రైల్వే స్టేషన్‌కు వెళ్లి, బెంగాల్ నుంచి వచ్చిన ఒక మగవాళ్ల ముఠాను ట్రాలీలో ఎక్కించుకొచ్చాడు.

ఆ సంగతి ముఠాలో చిన్నదైన రమ ఉరుక్కుంటూ వచ్చి చెప్పింది. "అత్తా, మన సుదర్శనన్న బయటోళ్లను దించిండు! మనకంటె తక్కువకు ఏస్తరట, తాడు గట్టి వరస తప్పకుంట ఏస్తరట!"

పూలమ్మ చేతిలోని నారుకట్టను అక్కడే పడేసింది. బురద కాళ్లతోనే ఆడవాళ్లందరినీ వెంటేసుకుని వెళ్లి సుదర్శన్ పొలం బాటకు అడ్డంగా కూర్చుంది. ట్రాక్టర్ ఆగింది. ట్రాలీలో మూటలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న మనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నారు ఖరాబైతాంది అక్కా," అన్నాడు సుదర్శన్ కిందికి దిగి. "నువ్వేమో ఇంకో వారం దాక రానంటివి. నేనేం జెయ్యాలె?"

"ఇయ్యాల నారు ముదిరిందని నువ్వు తెస్తివి. రేపు అగ్గువకు దొరుకుతాన్రని అందరు తెస్తరు. ఎల్లుండి మమ్ముల ఎవలు పిలుస్తరు? చెప్పు సుదర్శనన్నా, మేం ఏడికి పోవాలె?"

సుదర్శన్ ట్రాక్టర్ వెనక్కి తిప్పి, ఆ మనుషులను తన బావి దగ్గరి రేకుల షెడ్డులో దించాడు. ఆ రోజు ఆ పొలంలో నాటు పడలేదు. గెలిచామనుకుని ఆడవాళ్లు ఇళ్లకు వెళ్లారు. పూలమ్మకు మాత్రం అన్నం సయించలేదు. ట్రాలీలో ఒక ముసలాయన తనను చూసి చేతులు జోడించడం కళ్లముందే ఉంది.

మధ్యాహ్నం ఎల్లస్వామి వీడియో కాల్ చేశాడు. "ఏమైందే, మొఖం గట్లున్నది?" అన్నాడు. ఆమె జరిగిందంతా చెప్పింది.

"మొన్న మా సైటుకాడికి ఈడి పోరడొకడు వచ్చిండు," అన్నాడు ఎల్లస్వామి. "చదువుకున్నడు, పని లేదు. 'మీరు సగం జీతానికి చేస్తరు, ఇగ మమ్ముల ఎవడు తీసుకుంటడు' అన్నడు. నేనేం జెప్పాలె? ఆడు అన్నది అబద్ధం గాదు. ఈ దేశం మన పాత జిల్లాల ఓ మూలకు రాదు. ఏ రోడ్డు మీద చూసినా ఆళ్లకంటె మేమే ఎక్కువ కనవడుతం. ఆళ్లకు భయముండదా?"

"నేను గూడ గదే అంటాన కదా! మరి నన్నెందుకు తప్పు వడుతవ్?"

"తప్పు వడుతలేను. వద్దనుకుంటే రానియ్యొద్దు. రమ్మని పిలిచి, వచ్చినంక కొట్టొద్దు. గంతే."

"ఎవలు కొట్టిన్రు? నేను కొట్టిన్నా?" అని అరిచి పూలమ్మ ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం ఇంకా వెలుగుండగానే బజారులో మోటార్ సైకిళ్ల చప్పుడైంది. పూలమ్మ బావగారి కొడుకు భానుచందర్, అతని దోస్తులు, చేతుల్లో కర్రలు.

"యాడికిరా?" అంది పూలమ్మ గుమ్మంలోంచి.

"షెడ్డుకాడికి చిన్నమ్మా. ఆళ్లు బెంగాలోళ్లు గాదు, బంగ్లాదేశోళ్లట. ఫోన్ల వీడియో వచ్చింది. నువ్వు మొదలు వెట్టినవ్, మేం ఖతం చేస్తం."

"నేను నిన్ను రమ్మన్ననారా? ఆగు! భానూ, ఆగురా!"

బండ్లు అప్పటికే మలుపు తిరిగాయి. బాట వెంట పోతే అందుకోలేనని పూలమ్మ చీర ఎగదోపి మడుల గట్ల మీదుగా పరుగెత్తింది. గట్టు జారి రెండుసార్లు బురదలో పడింది. 'నువ్వు మొదలు వెట్టినవ్' అన్న మాట వెంటపడి తరుముతున్నట్టుంది. షెడ్డు ఇంకా దూరంగా ఉండగానే రేకు మీద రాయి పడ్డ మోత వినిపించింది. ఆ వెంటనే ఇంకొకటి, లోపలినుంచి ఒక కేక.

ఆమె చేరేసరికి ఒకడు తలుపును కాలితో తంతున్నాడు. లోపలి గడియ చప్పుడవుతోంది. పూలమ్మ వాణ్ని పక్కకు తోసేసి తలుపుకు వీపు ఆనించి నిలబడింది. భానుచందర్ కర్ర పైకి లేచే ఉంది.

"జరుగు చిన్నమ్మా."

"జరగ. కొట్టు."

"నీ కోసమే కదనే! నీ కైకిలి పని పోతాందని నువ్వే కదా రోడ్డు మీద కూసున్నది?"

"నా కైకిలి కోసం నేను కొట్లాడుకుంట. నీకేం పోతాందిరా? ఏనాడన్న మడిల కాలు వెట్టినవా? నారుకట్ట మోసినవా? ఈళ్లు చేసే పని నీకు జెప్తే చేస్తవా?"

వెనకనుంచి ఎవడో మళ్లీ రాయి విసిరాడు. అది పూలమ్మ భుజానికి తగిలింది. ఆమె ఒక్కసారి వంగి, మళ్లీ నిటారుగా నిలబడింది. చిన్నమ్మకు దెబ్బ తగలడం చూసి భానుచందర్ మొహం పాలిపోయింది. "ఎవడ్రా ఏసింది?" అని వెనక్కి తిరిగాడు. ఆలోగా రమ, ఇంకొందరు ఆడవాళ్లు ఆయాసపడుతూ వచ్చి పూలమ్మకు అటూ ఇటూ నిలబడ్డారు. సుదర్శన్ పోలీసులకు ఫోన్ చేశాడన్న కబురు రావడంతో బండ్లు ఒక్కొక్కటే కదిలాయి.

తలుపు తెరవమంటే లోపలివాళ్లు ఎంతకీ తెరవలేదు. పూలమ్మ వచ్చీరాని హిందీలో నాలుగైదు సార్లు చెప్పాక గడియ తీశారు. ముందుగా బయటికి వచ్చింది మనిషి కాదు, ఒక చెయ్యి. ఆ చేతిలో ఆధార్ కార్డు. ముఠా పెద్ద నిమాయ్, అతని వెనక మిగతావాళ్లు, అందరూ కార్డులు ముందుకు చాచి నిలబడ్డారు. పూలమ్మ వాటి వంక చూడలేకపోయింది. "లోపల వెట్టుకోండ్రి," అంది తెలుగులోనే. ట్రాలీలో చేతులు జోడించిన ముసలాయన నుదురు కిటికీలోంచి పడిన రాయికి పగిలి రక్తం కారుతోంది. తన కొంగు చింపి ఆమే కట్టు కట్టింది. సుదర్శన్ ఆయన్ను పరకాల దవాఖానకు తీసుకుపోయి కుట్లు వేయించాడు.

మర్నాడు పంచాయతీ ఆఫీసులో అందరూ కూర్చున్నారు. పూలమ్మ భుజం ఉబ్బి చెయ్యి పైకి లేవడం లేదు. అయినా ఆమె గొంతు తగ్గలేదు. "మేం చెయ్యగలిగిన మడి మాకే ఇయ్యాలె. మాకు అందనిది ఆళ్లు ఏసుకోని. కని మాకంటె తక్కువకు ఏస్తే మాత్రం ఊకోం. మాకెంతిస్తరో ఆళ్లకు గూడ గంతే ఇయ్యాలె." రైతులు గొణిగారు. అగ్గువ కాకపోతే బయటివాళ్లెందుకన్నాడు ఒకాయన. నారు ఎండబెట్టుకుంటావా అని సుదర్శన్ అడిగేసరికి ఆయనా మిగతావాళ్లతో పాటు ఒప్పుకున్నాడు. ఆ మాటను నిమాయ్‌కు హిందీలో చెబితే, అతను నమ్మలేనట్టు మళ్లీ చెప్పించుకున్నాడు.

అందరూ సంతోషించలేదు. పూలమ్మతో పాతికేళ్లుగా వంగి నాట్లేసిన భారతి, "ఆళ్ల కోసం దెబ్బలు తింటివి, మా కోసం తినకపోతివి," అని ముఠా విడిచి వెళ్లిపోయింది. బెంగాల్ వాళ్లలో సగం మంది భయంతో ఆ సాయంత్రమే స్టేషన్‌కు బస్సెక్కారు. కుట్లు పడిన ముసలాయన మాత్రం వెళ్లలేదు. నిమాయ్‌తో పాటు మిగిలినవాళ్లు సుదర్శన్ పొలంలో తాడు కట్టి నాటారు. పక్క మడిలోనే పూలమ్మ ముఠా. మొదటి రోజు ఇటువాళ్లు అటు చూడలేదు. మూడో రోజు రమ వాళ్ల తాడు అడిగి తెచ్చింది.

చివరి మడి పూర్తయిన రోజు ఎల్లస్వామికి పూలమ్మే ఫోన్ చేసింది. అక్కడ ఆయన కంపెనీలో కొందరిని తిరిగి పంపుతున్నారట, తన సంగతి ఇంకా చెప్పలేదట.

"వస్తే రా," అంది పూలమ్మ. "ఈడ గూడ పని దొరుకుడు కష్టమే. కని వచ్చినోని మీద ఎవడు రాయెయ్యడు, నేనున్న కదా."

ఆయన నవ్వాడు. ఆమెకు నవ్వు రాలేదు. చలికాలంలో పడే యాసంగి నాట్లకు ఏ రైతు ఎవరిని పిలుస్తాడో ఆమెకు తెలియదు. ఆ సాయంత్రమే ఆమె భారతి ఇంటికి వెళ్లింది. భారతి తలుపు తీసింది గానీ, లోపలికి రమ్మనలేదు. పూలమ్మ అరుగు మీదే కూర్చుంది.