పేడదిబ్బలో పొట్లం

కంబదూరు ఓబుళమ్మ విత్తనానికి చెనక్కాయలు ఒలిచేటప్పుడు ఒక గింజను ఎడమ బుగ్గన పెట్టుకుంటుంది. నమలదు. నలభై ఏళ్లు కడ్డిపుడి పొగాకు ఉండిన చోటు అది. పంటి చిగురు పుండైంది, పొగాకు మానేయమని డాక్టరు చెబితే, "అదేమంత పని?" అని పొట్లాన్ని పేడదిబ్బలోకి విసిరేసింది. కొడుకు కుళ్లాయప్ప కర్ణాటక సారా ప్యాకెట్లు మానలేదని, "సిగ్గుంటే మానేవాడివే" అంటూ పదేళ్లుగా తిడుతున్న మనిషి మరి! మూడో రోజు పొద్దున్నే మోచేతుల దాకా పేడ పూసుకుని, దిబ్బలో ఆ పొట్లం కోసమే వెతుకుతూ కొడుకు కంటపడింది. అతను నవ్వలేదు. "యాడేసినావు మా?" అంటూ పక్కన కూర్చుని తనూ వెతికాడు. పొట్లం దొరకలేదు. ఓబుళమ్మ చేతులు కడుక్కోకుండానే కొడుకు ముఖంలోకి చూసింది.

"నీకు దినామూ ఇట్లే ఉంటాదా నాయనా?"

"ఇంకా ఎక్కువే ఉంటాది మా."

పదేళ్లలో తిట్టకుండా ఆమె అడిగిన మొదటి మాట అది. మర్నాడు ఇద్దరూ బస్సెక్కి, తాగుడు మాన్పించే మందు కోసం కళ్యాణదుర్గం ఆస్పత్రికి పోయారు. తర్వాత కుళ్లాయప్ప రెండుసార్లు మళ్లీ తాగాడు. ఆ రెండుసార్లూ ఆమె తిట్టలేదు, మళ్లీ బస్సెక్కించింది. ఆ తర్వాత ఆ అవసరం రాలేదు. ఆ ఎండాకాలం దిబ్బ తవ్వి చేనికి ఎరువు తోలుతుంటే పాత పొట్లం బయటపడింది. కుళ్లాయప్ప పొగాకు మట్టిలో కలిపేసి, ఖాళీ కవరు కడిగి, ఇంట్లో దేవుని పటం వెనక దాచుకున్నాడు. రోజూ పొద్దున కొడుకు ఆ పటం ముందు అంతసేపు నిలబడి దండం పెట్టేది దేనికో ఓబుళమ్మకు ఇప్పటికీ తెలియదు.