సంస్కారపు ఆదివారం అమ్మ దగ్గు

ఎనభైల్లో మేము బెంగాలీల ఊళ్లో, ట్రాఫిక్ అనే పేటలో, రైల్వే క్వార్టర్లో ఉండేవాళ్లం. నాన్న నిమ్‌పురా యార్డులో పనిచేసేవాడు. నెలకో ఆదివారం మా తెలుగు చర్చిలో ప్రభువు సంస్కారం ఉండేది. ప్రభువు రక్తానికి గుర్తుగా, సీసాల్లో కొన్న ద్రాక్షరసాన్ని బుల్లి గ్లాసుల్లో పోసి ఇచ్చేవారు. అమ్మ అది తాగి బెంచీ దగ్గరికి వచ్చేలోపే దగ్గు, వెనకే ఆయాసం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్లిపోయేది.

వరసగా నాలుగు నెలలు ఇలాగే అయ్యాక, వెనక క్వార్టర్ మామ్మ చర్చి గుమ్మంలోనే అడిగేసింది.

"ఏటమ్మా, మనసులో ఏటైనా దాసుకున్నావా? పాపం ఒప్పుకోకుండా తాగితే ఇలాగే అవుతాది."

అమ్మ ఆ మాట పట్టుకుని తన తప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది. "మా సెల్లితో మాటలు మానేసినాను గదా, అదేనంటారా?" అని నాన్నని అడిగింది. ఏళ్ల తరబడి మాటల్లేని పిన్నికి ఉత్తరం రాసింది. అయినా దగ్గు తగ్గలేదు. తర్వాతి నెల అందరూ ముందుకు వెళ్తుంటే అమ్మ ఒక్కతే బెంచీ మీద ఉండిపోయింది. పక్కనే ఉన్న నాకు తల ఎత్తాలంటే సిగ్గేసింది. ఆ సిగ్గు తలచుకుంటే ఇప్పుడు బాధేస్తుంది.

ఒకసారి ఝపటాపూర్‌లో పెళ్లికి వెళ్లాం. అక్కడిచ్చిన ఆరెంజ్ స్క్వాష్ తాగగానే అమ్మకి ఊపిరాడలేదు. రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్లాం. అమ్మ తేరుకున్నాక, అక్కడి బెంగాలీ డాక్టరు ఏం తాగిందో అడిగి, చర్చి సంగతి కూడా విని, రెండు సీసాలూ తెమ్మన్నాడు. నాన్న తెచ్చాడు. రెండింటి మీదా సన్నటి అక్షరాల్లో సల్ఫైట్ అని ఉంది.

రసం చెడిపోకుండా వేసే మందు అదనీ, కొందరి ఊపిరితిత్తులకి పడదనీ ఆయన హిందీలో చెప్పాడు.

"అయితే నా తప్పేటీ లేదా?" అంది అమ్మ తెలుగులోనే. ఆయనకి అర్థం కాలేదు. అమ్మ కళ్లు తుడుచుకోవడం చూసి, "దీదీ, భయం లేదు" అన్నాడు.

సంగతి విని పాస్టరయ్యగారు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఇకనించి రసం మీరే తియ్యండమ్మా. అందరం అదే తాగుదాం."

శనివారం మధ్యాహ్నం అమ్మ నల్లద్రాక్ష కడుగుతుంటే మామ్మ వచ్చింది. "నాకు తెల్దు గదేటమ్మా, అనేసినాను" అంది. అమ్మ పీట జరిపి కూర్చోమంది. ఇద్దరూ కాడలు తుంచుతూ సాయంత్రం దాకా కబుర్లు చెప్పుకున్నారు. మర్నాడు అమ్మ కూడా అందరితోపాటు ముందుకెళ్లి తాగి, తిరిగొచ్చి నా పక్కన కూర్చుని పాట అందుకుంది.

తొంభైల్లో నాన్న రిటైరయ్యేదాకా ఆ రసం మా ఇంటినించే వెళ్లింది. కాస్త పుల్లగా ఉండేది.