పోటుకు దారిచ్చిన ఆవిడ

ఆవిడ తలపుకొస్తే గట్టు మీద జతగా విప్పిపెట్టిన చెప్పులే ముందు కనిపిస్తాయి. పరిశోధన సంస్థ నుంచి మా హంసలదీవికి వచ్చిన సైంటిస్టు. ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పేవారు కాదు. చెప్పులు విప్పి, అంకెలు వేసిన కర్రతో బురదలో దిగి, "నీళ్ళనడుగుదామండీ" అనేవారు. మాకు ఒళ్ళు మండేది.

కరకట్టకు అవతల మడ చెట్లు పోయి, ఉప్పు పేరుకున్న బీడు మిగిలింది. తుఫాను వస్తే సముద్రానికీ మా చేలకీ మధ్య ఆ మట్టికట్ట ఒక్కటే. వరి నాటే చేతులు కదా, ఏటా తాడు పట్టి వరసగా మడ మొక్కలు నాటేవాళ్ళం. ఏటా ఎండిపోయేవి.

నెలల తరబడి ఆటుపోట్లు కొలిచి ఆవిడ చెప్పిందొకటే: నాటడం మానేసి, పోటు నీళ్ళు బీడంతా పారేలా కాలవలు తవ్వమని.

"ఉప్పునీళ్ళని చేతులారా పిలుచుకుంటామా అమ్మాయ్?" అని మా మావయ్య పార విసిరికొట్టాడు.

"వచ్చిన నీళ్ళే వెళ్తూ వెళ్తూ ఉప్పు కడుక్కుపోతాయి బాబాయ్‌గారూ."

గొణుక్కుంటూనే తవ్వాం. పోటుతో మడ విత్తనాలు కొట్టుకొచ్చి వాటంతటవే పాతుకున్నాయి. ఇప్పుడక్కడ మనిషి దూరలేనంత అడవి! మొన్నటి తుఫానుకి అలలు అందులోనే అలిసిపోయాయి. కట్ట మీద మట్టిబెడ్డ కదల్లేదు.

చూడ్డానికొచ్చిన బంటుమిల్లి రైతులు "ఇంత అడవి ఎవరు నాటారండీ?" అన్నారు. మావయ్య గట్టు మీద చెప్పులు విప్పాడు. పంచె ఎగ్గట్టి బురదలోకి దిగాడు.

"రండి, నీళ్ళనడుగుదాం."