పెట్టెలో పెట్టిన పొడి

విమానాలు దిగే దారి మా డాబా మీదుగానే పోతుంది. శంషాబాద్ పక్క ఊళ్ళో మా ఇల్లు. కొత్తగా వచ్చిన చుట్టాలు మాట మధ్యలో ఆపి పైకి చూస్తారు. మేం గొంతు కొంచెం పెంచి అదే మాట సాగిస్తాం. ఎయిర్‌పోర్టు ఇంత దగ్గరున్నా నేను ఇంతవరకు విమానం ఎక్కలేదు. ఎక్కేది మా చెల్లెలు. పన్నెండేళ్ళుగా రెండేళ్ళకోసారి వచ్చి, నలభై రోజులుండి, పోతుంది. మా ఊళ్ళో గల్ఫ్ దేశం ఏదైనా దుబాయే కాబట్టి నేనూ దుబాయి అనే అంటాను. అక్కడ చిన్నపిల్లల బడిలో ఆయాగా పనిచేస్తుంది. దాని పెళ్ళి నిలవలేదు. ఆ సంగతి ఇక్కడ వద్దు, తలుచుకుంటే నాకు ఇప్పటికీ రక్తం మరుగుతుంది.

అమ్మ పోయినప్పుడు దానికి పదకొండేళ్ళు, నాకు ఇరవై. తలకు నూనె పెట్టింది నేను, చింతబరికతో కొట్టింది నేను, పదో తరగతి తప్పితే మళ్ళీ కట్టించింది నేను. ఆ పాటికే ప్రైవేటు బడిలో తెలుగు చెప్పే పనిలో చేరి ఊరి పిల్లలందర్నీ బెదిరించడం మొదలుపెట్టాను, దాన్ని మాత్రం అంతకుముందు నుంచే బెదిరిస్తున్నాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళని మా ఆయన అంటాడు. నిజమే, నాలుగో కాలు నాకెవరూ చూపించలేదు.

అది దుబాయి పోయాక మా ఇద్దరి మధ్య మిగిలింది తిండి మాటలే. రోజూ దాని టీ విరామంలో ఫోన్ చేస్తుంది. "తిన్నవా?" అంటాను. "తిన్న." "ఏం కూర?" "పప్పు." అంతే. నువ్వు లేక ఇల్లు బోసిగా ఉందనో, నిన్న నీ పాత లంగా ఓణీ చూసి ఏడ్చాననో చెప్పడం మాకు చేతకాదు. అందుకని రెండేళ్ళకోసారి దాని పెట్టెలో పొడి పెడతాను.

అమ్మ చేసే మటన్ పొడి అది. ధనియాలు, ఎండుకొబ్బరి, లవంగాలు, చెక్క, యాలకులు, సాజీర, ఇవన్నీ ఎవరైనా వేస్తారు. అమ్మ వాటిలో సగానికి సగం గసగసాలు వేసేది. సన్నటి సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించేది. నేనూ అలాగే చేస్తాను. చల్లారాక దళసరి కవరులో పోసి, కొవ్వొత్తి వెలిగించి, కవరు అంచును రెండు స్టీలు స్కేళ్ళ మధ్య పెట్టి మంటకు చూపిస్తే కరిగి అతుక్కుంటుంది. దాని మీద ఇంకో కవరు, దాని మీద పాత చీర ముక్క. దుబాయి పోయేవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళందరికీ ఈ విద్య వచ్చు. అది అక్కడికి చేరిన వారం రోజులకు, శుక్రవారం సెలవు నాడు ఫోన్ చేసి, "నీ పొడేసి మటన్ వండిన అక్కా. రూమంత అమ్మ వాసనే" అంటుంది. ఆ ఒక్క మాటతో నేను రెండేళ్ళు గడిపేస్తాను.

మొన్నటి ప్రయాణం పొద్దున పదిన్నరకు. ఎప్పటిలాగే ఎయిర్‌పోర్టు గేటు దగ్గర ఏడవకుండా నిలబడ్డాం. ఎప్పటిలాగే చెవి కమ్మ తీసి, దాని మొనతో ఫోనులోంచి ఇక్కడి సిమ్ము తీసి నా చేతిలో పెట్టింది. వచ్చేదాకా దాన్ని దాచి, మధ్యమధ్యలో రీచార్జి చేయించడం నా పని. అక్కడి సిమ్ముకు నలభై రోజుల్లో బాలెన్సు అయిపోయి ఉంటుంది. అక్కడ దిగి, బస్సెక్కి, రూముకు చేరి వైఫై పట్టుకుంటే గానీ దాని గొంతు వినపడదు. మామూలుగా అది నాకు పట్టని విషయం.

ఆ రోజు మమ్మల్ని దింపిన కారు డ్రైవరు మాటకారి. దాన్ని లోపలికి పంపి తిరిగొస్తుంటే, తాను కూడా ఆరేళ్ళు దుబాయిలో క్రేను నడిపి వచ్చానని చెప్పాడు. "పెట్టెల ఏం పెట్టిన్రక్కా?" అని అడిగాడు. మామిడికాయ తొక్కు, సకినాలు, మటన్ మసాలా అని చెప్పాను.

"మసాలల గసాలు గిట్ల ఎయ్యలె గదా?"

"ఎందుకెయ్య? సగం అవే."

అతను కారులో మోగుతున్న పాట ఆపేశాడు. అద్దంలోంచి నన్ను ఒకసారి చూశాడు.

"ఆడ గసాలు బందక్కా. నల్లమందు చెట్టు గింజలు గదా, గంజాయి లెక్కనే చూస్తరు. మా క్యాంపుల ఒకాయన సంచిల పిడికెడు దొరికినయి. ఎయిర్‌పోర్టుల్నే పట్కపోయిన్రు. మల్ల మేం ఆయన్ని చూడలె."

నల్లమందు మొక్క గింజలని నాకు తెలుసు. పిల్లలకు పర్యాయపదాలు చెప్పేటప్పుడు నవ్వుతూ చెప్పినదాన్నే. తెలిసినదాన్ని, చదువుకున్నదాన్ని, నా చేతులతో కొలిచి, వేయించి, మంటకు అతికించి, చీర ముక్కలో చుట్టి పెట్టాను. ఇప్పుడు ఆ చుట్టడమే గుర్తొచ్చింది. తొక్కు సీసాను ఎవరైనా ఊరికే పెడతారు. రెండు కవర్లు, పైన గుడ్డ, పెట్టె అడుగున, బట్టల మధ్య. చూసినవాడు ఏమనుకుంటాడు?

"జర బండి తిప్పు తమ్మీ" అన్నాను.

మళ్ళీ గేటు దగ్గరికి చేరేసరికి తొమ్మిది దాటింది. టికెట్ లేకుండా లోపలికి పంపరు. తుపాకీతో నిలబడ్డ జవాను దగ్గరికి వెళ్ళి, "మా చెల్లె లోపలుంది, ఒక మాట చెప్పాలె" అన్నాను. ఫోన్ చేయమన్నాడు. సిమ్ము నా పర్సులో ఉంది. ఏం మాటో చెప్తే లోపలికి కబురు పంపిస్తానన్నాడు, మంచివాడే. నేను నోరు తెరిచాను. పెట్టెలో గసగసాలున్నాయని చెప్తే, పెట్టె దింపించి, దాన్ని పక్కకు పిలిచి, అందరి ముందూ విప్పించి, విమానం తప్పించి, ఉద్యోగం పోయి... లేదా ఇక్కడే ఏ గదిలోనో కూర్చోబెట్టి... చెప్పకపోతే అక్కడ. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే పిల్లలకు బోర్డు మీద రాసి అర్థం చెప్పేదాన్ని. ఆ గేటు దగ్గరే నాకు దాని అర్థం తెలిసింది.

చెప్పలేదు. "ఏం లేదు సార్, జాగ్రత్తగ పొమ్మని" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా మీద నాకు అసహ్యమే.

ఇంటికొచ్చి తలుపు గడియపెట్టాను. ముందు వాట్సాప్‌లో దానికి మెసేజ్ రాశాను: "పొడి తీసి పారెయ్యి, అండ్ల గసాలున్నయి." పంపాక తట్టింది. అక్కడి పోలీసులు దాని ఫోను లాక్కుని చూస్తే? నా చేత్తో నేనే సాక్ష్యం పంపినట్టయింది కదా. వెంటనే చెరిపేశాను. చెరిపేస్తే, మెసేజ్ చెరిపేశారని అక్కడ రాసి ఉంటుందని అప్పుడు గుర్తొచ్చింది. అది ఇంకా అనుమానం. "చెల్లె, చేరంగనే ఫోన్ చెయ్యి" అని మామూలుగా ఒకటి రాశాను. ఒక్కటే గీత పడింది.

మిగిలిన పొడి డబ్బాలో ఉంది. దాన్ని సింకులో పోసి నీళ్ళు వదిలాను. గసగసాల పొట్లం కూడా పోశాను. మిక్సీ గిన్నె రెండుసార్లు కడిగాను. వాళ్ళు అక్కడ పట్టుకుంటే ఇక్కడ నా గిన్నె ఎవరు చూస్తారని అప్పుడు తట్టలేదు. భయపడ్డ మనిషికి చేతులకు ఏదో ఒక పని కావాలి. ఇల్లంతా ఆ వేయించిన వాసనే. కిటికీలు తెరిచాను, ఫ్యాన్లన్నీ వేశాను. పక్కింటామె గోడ అవతల నుంచి, "మసాలా దంచినవా అక్కా, మస్తు వాసనొస్తుంది" అంది. లేదని అబద్ధమాడాను.

మా ఆయన కాటేదాన్‌లో ప్లాస్టిక్ బకెట్లు చేసే షెడ్డులో సూపర్‌వైజరు. ఫోన్ చేసి అంతా చెప్పాను. వెనక మిషన్ల మోత. "గట్లేం కాదు తియ్యి. ఇన్నేండ్లు పోయింది గదా, ఎన్నడన్న పట్టుకున్నరా?" అన్నాడు. ధైర్యం చెప్తున్నాడనుకున్నాను. నిమిషం తర్వాత మళ్ళీ తనే చేసి, "ఎంత పెట్టినవ్?" అన్నాడు. కిలో అన్నాను. "నేనొస్తున్న" అని పెట్టేశాడు. ఆ తర్వాత నాకు కూర్చోవడం కూడా రాలేదు.

ఇన్నేళ్ళు పట్టుకోలేదు కాబట్టి ఇప్పుడూ పట్టుకోరని ఒకవైపు. ఆరుసార్లు తప్పించుకుంది కాబట్టి ఇది ఏడోసారని మరోవైపు. లెక్క ఎటు వేసినా తేలలేదు. ఫోనులో చూస్తే విమానం దిగిందని మధ్యాహ్నం రెండున్నరకు వచ్చింది. మూడున్నరకు నా మెసేజ్ పక్కన ఇంకా ఒక్కటే గీత. నాలుగున్నరకూ అంతే. మా ఆయన వచ్చి నాకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆ కాసేపట్లో, ఎవరో దాన్ని అరబ్బీ భాషలో ఏదో అడుగుతున్నట్టు, అది అర్థం కాక నా పేరు చెప్తున్నట్టు నా కళ్ళకు కట్టింది. మా అక్క పెట్టింది సార్, మా అక్క పెట్టింది. చిన్నప్పుడు ఏ తప్పుకైనా అదే చెప్పేది.

అయిదుంబావుకు రెండు గీతలు పడ్డాయి. వెంటనే ఫోన్ మోగింది. ఎత్తాలంటే భయమేసి మూడుసార్లు మోగనిచ్చాను.

"అక్కా, చేరిన. బస్సు లేటయింది. ఏంది, ఏం మెసేజ్ చెరిపినవ్?"

నేను ఏడవడం అది ఫోనులో వినడం అదే మొదటిసారి. "పెట్టె విప్పిచ్చిన్రా? పొడి చూడలేదా? అండ్ల గసాలున్నయే, నాకు తెల్వదే, నాకు ఇయ్యాలనే తెలిసింది" అని ఒకటే వరస చెప్పాను.

కాల్ కట్టయిందేమోనని ఫోను చూసుకున్నాను.

"పొడి నా దగ్గర లేదక్కా" అంది. "ఆడ్నే, శంషాబాద్‌లనే, పెట్టె ఇచ్చేముందు తీసి చెత్త డబ్బల ఏసిన."

"ఎప్పుడు తెలిసింది నీకు?"

"మొదటిసారి ఇంటికొచ్చి మల్ల పోయినంక. నా రూముల కోస్తా ఆమె ఉండె, నెల్లూరు దిక్కు. ఆమె చూసి, 'ఏవండీ, ఇందులో గసాలున్నాయా, దీన్నెలా తీసుకొచ్చారు, మీ ప్రాణం మీదికి రాదూ' అన్నది. గప్పట్నుంచి తెస్తలేను."

"పదేండ్ల నుంచా?"

"అయిదుసార్లు."

ప్రతిసారీ రెండు రోజులు సెలవు పెట్టి చేసేదాన్ని. ప్రతిసారీ, గేటు లోపలికి పోయిన పది నిమిషాలకు, చీర ముక్కతో సహా డబ్బాలో పడేది. "మరి రూమంత అమ్మ వాసనంటివి?" అన్నాను. నాకు కోపం రావలసింది, రాలేదు.

"ఒకసారి చెప్పిన గదక్కా, గసాలు వద్దని. ఏమన్నవ్? గసాలు లేకుంటే అది అమ్మ పొడి గాదు, కొట్ల పొడి కొనుక్కొని తినుపో అన్నవ్. నాలుగు రోజులు మాట్లాడలె. దూరం ఉన్నదాన్ని, నువ్వు మాట్లాడకుంటె నాకు ఇంకెవరున్నరు? ఇగ చెప్పుడు బంద్ జేసిన."

అన్నాను. అన్న మాట గుర్తుంది. ఎందుకు వద్దంటున్నావని ఒక్కసారి కూడా అడగలేదని కూడా అప్పుడే గుర్తొచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటికి భయపడి అది పరాయి దేశంలో పదేళ్ళు నాకు అబద్ధాలు చెప్పింది. దాన్ని పట్టుకుపోలేదు, క్షేమంగా చేరింది, మా ఆయన లేచి మంచినీళ్ళు తాగుతున్నాడు. నేను మాత్రం పొద్దున్నుంచి పడ్డదానికంటే ఎక్కువ భయపడుతున్నాను. తిన్నవా అంటే తిన్న అనేది. బాగున్నవా అంటే బాగున్న అనేది. పన్నెండేళ్ళు రోజూ విన్న ఆ మాటల్లో ఎన్ని ఆ చెత్త డబ్బాలో పడ్డ పొడిలాంటివి?

"చెల్లె, ఇంకేం చెప్పలె నాకు?" అన్నాను.

"ముందు నువ్వు చెప్పక్కా" అంది.

మా ఆయన వైపు చూశాను. ఆయన తల దించుకున్నాడు. "పోయినేడాది నాకు గర్భసంచి తీసిన్రు" అన్నాను. "పెండ్లికి పోయిన్నని పది రోజులు ఫోన్ ఎత్తలే గదా. దవాఖానల ఉన్న."

అది తిట్టలేదు, ఏడవలేదు. "ఇప్పుడెట్లున్నది?" అని మాత్రం అడిగింది. "బాగనే ఉన్నది" అన్నాను. అని, "నిజంగనే" అని కలిపాను. ఆ మాటకు ఎంత విలువుంటుందో ఇద్దరికీ తెలుసు.

"ఇగ నువ్వు చెప్పు" అన్నాను. తలుపు వేసిన చప్పుడు వినిపించింది, అది రూములోంచి బయటికి వచ్చినట్టుంది.

"కూసో అక్కా" అంది. నేను కూర్చున్నాను.