నడిమింటి ఎర్ర గచ్చు

మొన్న ఆదివారం మా కోడలు నన్ను టైల్స్ షాపుకు తీసుకువెళ్ళింది. మావాడు తిరువూరులోనే కొంచెం ఊరవతలగా ఇల్లు కడుతున్నాడు. గోడలు లేచాయి, స్లాబు పడింది, ఇక నేల పరచడమూ సామాను కొనడమూ మిగిలాయి. హాల్లోకి ఒక రకం, పడక గదుల్లోకి ఒక రకం, వంటింట్లోకి జారనిది, ఇలా ఏ గదికి ఏది నప్పుతుందో ఆ పిల్ల ఫోనులో ముందే చూసి పెట్టుకుంది. సోఫా రంగు గోడకు కలవాలట, గోడ రంగు నేలకు కలవాలట, పెళ్ళికి జాతకాలు చూసినంత శ్రద్ధగా చూస్తోంది. నేను మాత్రం చెప్పులు విడిచి, కింద పరిచి ఉంచిన పలక మీద ఒట్టికాళ్ళతో నిలబడ్డాను. షాపాయన కంగారుపడి, పర్లేదమ్మా, చెప్పులతోనే నడవండి, గీతలు పడవు అన్నాడు. గీతల కోసం కాదు నాయనా, చల్లదనం కోసం అని చెప్పడానికి మొహమాటమేసి ఊరుకున్నాను. మా ఈడు వాళ్ళకైతే ఈ సంగతి విప్పి చెప్పనక్కర్లేదు. నేల మంచిదో కాదో మనకు అరికాళ్ళే చెప్పేవి.

అలా నిలబడితే మా అమ్మ గుర్తొచ్చింది. అమ్మ కాపురానికి వచ్చింది పెనుగొలనుకు. అక్కడ మాది పెంకుటిల్లు, మట్టి నేల. అమ్మ శుక్రవారం శుక్రవారం పేడతో అలికి, అంచుల వెంట ముగ్గు తీర్చేది. మా చదువుల కోసమని నాన్నగారు మమ్మల్ని తిరువూరు తీసుకొచ్చి ఎరువుల కొట్టు పెట్టారు, కొట్టు నిలదొక్కుకున్నాక బజారు వెనక సందులో స్థలం తీసుకుని ఇల్లు మొదలుపెట్టారు. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అంటారు. మా ఇంట్లో ఆ రెండూ ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, నేను చెప్పబోయేదీ ఆ రెండింటి సంగతే.

నాన్నగారి ధ్యాసంతా ముందు గది మీదే ఉండేది. వచ్చేపోయే రైతులు, కంపెనీ మనుషులు కూర్చునే గది కదా, దానికి మొజాయిక్ వేయించి, మిషను తెప్పించి పాలిష్ పట్టించారు. ఇనుప చట్రాలకు పచ్చ ప్లాస్టిక్ వైరు అల్లిన కుర్చీలు నాలుగు, మధ్యలో ఒక టీపాయి, గోడవారన పెదనాన్న కోసం గుడ్డ పడక కుర్చీ. పెదనాన్న అంటే నాన్నగారి అన్నగారు, పెనుగొలనులోనే ఉండి పొలాలు చూసుకునేవారు, సంత రోజున మా ఇంటికి వచ్చి భోంచేసి వెళ్ళేవారు. ఇంటి విషయాల్లో ఆయన మాటే మాట. ఇక వంటింటికి వచ్చేసరికి నాన్నగారి చెయ్యి బిగుసుకుంది. ఎవరు చూడొచ్చారులే అని, ఎక్కడో మిగిలిన నాపరాళ్ళు తెచ్చి, పెద్దదీ చిన్నదీ కలిపి పరిపించారు. పైన పటారం, లోన లొటారం అని మా అమ్మమ్మ గృహప్రవేశం నాడే అనేసింది.

ఆ రోజుల్లో కుర్చీ అంటే ఒట్టి సామాను కాదు. ఎవరు ఎక్కడ కూర్చోవచ్చో ఇంట్లో ప్రతివాళ్ళకూ తెలుసు. బావగారైన పెదనాన్న ఇంట్లో ఉంటే ఆయన ముందుకు అమ్మ రాదు, వచ్చినా కూర్చోదు, కుర్చీలో కూర్చోవడం అన్న ఊహే రాదు. ఆయన ఏదైనా అడిగితే తలుపు చాటు నుంచి నాతోనో తమ్ముడితోనో జవాబు చెప్పించేది. పది అడుగుల దూరంలో ఉన్న ఇద్దరి మధ్య మేము టపా బంట్రోతుల్లా తిరిగేవాళ్ళం. ఆ నాలుగు కుర్చీలనూ రోజూ తుడిచేది అమ్మే, ఆవిడ ఒక్కనాడు కూడా వాటిలో కూర్చోగా నేను చూడలేదు. నాన్నగారు కూర్చోవద్దన్న మనిషి కాదు, పాపం, కూర్చోమని అనాలని ఆయనకు తోచలేదు, అంతే.

మొత్తం ఇంట్లో అమ్మ నోరు విడిచి అడిగింది ఒక్కటే. ముందు గదికీ వంటింటికీ మధ్యన ఉన్న నడిమింట్లో ఎర్ర గచ్చు చేయించమంది. సిమెంటులో ఎర్ర రంగు కలిపి పోయడమే కనుక నాన్నగారు సరేనన్నారు. తాపీ మేస్త్రి రంగు కలుపుతుంటే అమ్మ తలుపు దగ్గర నిలబడి, ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ ఉండేది, చివరికి పండిన చింతగింజ రంగు వచ్చాక గానీ ఊరుకోలేదు. మేస్త్రి వంగి, తాపీతో అద్దంలా రుద్ది, చుట్టూ నల్ల అంచు తీసి, గచ్చు గట్టిపడడానికి మట్టితో గట్లు కట్టి నీళ్ళు నిలిపి వెళ్ళాడు. ఆ నీళ్ళు ఉన్నన్నాళ్ళూ మమ్మల్ని ఇంటి చుట్టూ తిరిగి పెరటి గుమ్మం నుంచి రమ్మనేది. ఆ తరవాత ఎన్ని మధ్యాహ్నాలు పాత గుడ్డ మీద కొబ్బరినూనె చుక్కలు వేసి ఆ నేలను రుద్దిందో. రుద్దగా రుద్దగా అది నున్నబడి, ఎండాకాలం మట్టి కుండ వీపులా చల్లగా ఉండేది.

ఆ గచ్చు చల్లదనం ఇప్పటికీ నా చెంపకు తెలుసు. రోహిణి ఎండల్లో బడి ఉండదు, ఫ్యాను తిరిగితే తిరిగినట్టు లేకపోతే లేనట్టు, మేమంతా ఆ నేల మీద బోర్లా పడుకుని, పడుకున్న చోటు వేడెక్కగానే పక్కకు దొర్లేవాళ్ళం. అమ్మ ముందు గది గడపకు ఇవతల, ద్వారబంధానికి వీపు ఆనించి, కాళ్ళు చాపుకుని కూర్చునేది. అది ఆవిడ చోటు. బియ్యంలో రాళ్ళేరినా, కూరలు తరిగినా, ముందు గదిలో మగవాళ్ళు మాట్లాడుకునేది విన్నా అక్కడి నుంచే. ఆ కాస్త మేర గచ్చు మిగతా నేల కన్నా ఇంకా మెరిసేది. మధ్య మధ్య అమ్మ అరచేతిని నేల మీద ఆనించి అలాగే ఉంచుకునేది, దూడ వీపు మీద చెయ్యి వేసినట్టు. ఇప్పుడు ఎన్ని సోఫాలు చూసినా నా మనసు పోయి పోయి ఆ గడప దగ్గరే కూర్చుంటోంది.

అలా రెండు మూడు ఎండాకాలాలు గడిచేసరికి నాకు సంబంధాలు చూడడం మొదలైంది. గంపలగూడెం వైపు నుంచి ఒక సంబంధం వచ్చింది, భూమి బాగా ఉన్నవాళ్ళు, పెదనాన్న తెచ్చిందే. పిల్లవాడి తల్లి, మేనత్త కుర్చీల్లో కూర్చుని నన్ను చూసినంత సేపు ఇంటినీ చూశారు. సోఫా సెట్టు లేదా, బీరువా ఏ గదిలో ఉంది, డబుల్ కాట్ చేయించారా అని అడిగారు. అమ్మ లోపలి నుంచి ఫలహారాలు పంపించి తలుపు పక్కన నిలబడి ఉంటే, ఆ నిలబడ్డ మనిషి ఎవరని ఒక్కరూ అడగలేదు. పెదనాన్నకు ఆ సంబంధం ఎంతో నచ్చింది. నన్ను ఎవరూ అడగలేదు గానీ, నాకు మాత్రం నచ్చలేదు. ఆ రాత్రి అన్నం పెడుతూ అమ్మ నా వంక చూసి, ఇంకో గరిటె పెరుగు వేసింది.

ఆ తరవాతి వారమే విస్సన్నపేట వాళ్ళు వచ్చారు. మామూలు మామిడి తోట రైతులు. ఆ రోజు మనుషులు ఎక్కువై, పక్కింటి సాయిబుగారి ఇంటి నుంచి రెండు కుర్చీలు తెప్పించాం. పెళ్ళికొడుకు తల్లిని కుర్చీలో కూర్చోబెట్టారు, నన్ను చాప మీద. ఆవిడ కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, చుట్టూ చూసి, “అమ్మాయి తల్లిగారేరీ?” అని అడిగింది. లోపల ఉందన్నారు నాన్నగారు. పిలుస్తారేమో అనుకున్నాం. కానీ ఆవిడే లేచి, మగవాళ్ళు మాట్లాడుతున్నది మాట్లాడుతుండగానే గడప దాటి నడిమింట్లోకి వచ్చి, నిలబడి ఉన్న అమ్మ చెయ్యి పట్టుకుని కిందకు లాగి, పక్కన తనూ చతికిలబడింది. పట్టుచీర నలుగుతుందన్న చింత కూడా లేదు. నేల మీద అరచెయ్యి ఆనించి, “ఎంత చల్లగా ఉంది వదినగారూ, ఎవరు రుద్దారు ఇంత నున్నగా?” అంది.

ఆ ఇంటికి వచ్చిన వాళ్ళందరూ మొజాయిక్‌నే మెచ్చుకున్నారు. ఎర్ర గచ్చు సంగతి అడిగిన మొదటి మనిషి ఆవిడ. ముందు గదిలో పెదనాన్న మొహం చిట్లించుకున్నారు, ఆవిడ మాత్రం అమ్మతో రంగెంత కలిపారు, నూనె ఏం వాడారు అని అడుగుతూ కూర్చుంది.

వాళ్ళు వెళ్ళిపోయాక పెదనాన్న పడక కుర్చీలో వెనక్కి వాలి, గంపలగూడెం వాళ్ళకే కబురు చేద్దాం అన్నారు. నాన్నగారు తల ఊపబోతున్నారు. నేను నడిమింట్లో గోడకు ఆనుకుని వింటున్నాను. అప్పుడు అమ్మ గడప దాటింది. కొంగు భుజం మీదుగా కప్పుకుని, ఆ మొజాయిక్ మీద, బావగారి ఎదురుగా నిలబడి, మా ఎవ్వరితోనూ చెప్పించకుండా తనే అంది.

“విస్సన్నపేట సంబంధం వదులుకోవద్దండి.”

పెదనాన్న ఆవిడ వంక చూడకుండా, అలవాటు కొద్దీ నాన్నగారితో, “ఎందుకో అడగరా” అన్నారు.

“ఆవిడ ఎవరూ చెప్పకుండానే కుర్చీ దిగి వచ్చి కింద కూచున్నారు బావగారూ. మన పిల్ల ఆ ఇంట్లో నిలబడి బతకక్కర్లేదు.”

పెదనాన్న మొండి మనిషే గానీ చెడ్డ మనిషి కాదు. కన్నతల్లి అంతగా చెబుతుంటే ఇక మనమేమంటాం అని లేచి, కండువా దులుపుకుని బస్సుకు వెళ్ళిపోయారు. అమ్మ మళ్ళీ గడప ఇవతలకు వచ్చి తన చోట్లో కూర్చుంది. కూర్చున్నాక ఏడ్చింది. నేను వెళ్ళి ఆవిడ ఒళ్ళో తల పెట్టుకుంటే, చెంప కింద ఆవిడ చీర, పాదాల కింద ఆ గచ్చు, ఆ రెండూ నాకు నిన్న జరిగినట్టే ఉన్నాయి.

అమ్మ అంచనా తప్పలేదు. మా అత్తగారి ఇంట్లో నేల ఒట్టి నాపరాయే, కుర్చీలు కూడా అంతంత మాత్రమే, కానీ మా అత్తగారు ఎన్నడూ నన్ను నిలబెట్టి తను కూర్చోలేదు. మామిడికాయల కాలంలో ఇద్దరం ఎదురెదురుగా కాళ్ళు చాపుకుని కూర్చుని, ముక్కలు తుడుస్తూ ఊళ్ళో వాళ్ళందరి సంగతులూ చెప్పుకునేవాళ్ళం. ఆవిడ పోయి చాలా కాలమైంది. కొత్తావకాయ వాసన వస్తే ఇప్పటికీ ఎదుట ఎవరో కూర్చున్నట్టు అనిపిస్తుంది.

అమ్మకు పెద్దతనంలో మోకాళ్ళు పట్టేశాయి. అప్పటికి పెదనాన్న లేరు. ముందు గదిలోకి సోఫా వచ్చింది, నాన్నగారు తనంతట తనే, ఇలా వచ్చి కూర్చోవే అని పిలిచేవారు. అమ్మ కూర్చునేది, కానీ అంచు మీద, ఇప్పుడో ఇప్పుడో లేవాల్సి వస్తుందన్నట్టు. వీపు ఆనించుకో అమ్మా అని నేను ఎన్నిసార్లు చెప్పినా, ఆనించినట్టే ఆనించి మళ్ళీ ముందుకు జరిగేది. ఆవిడ చూపు మాత్రం గడప అవతలికి, తన చోటు వైపే ఉండేది. కుర్చీ దక్కేసరికి అమ్మకు నేల దూరమైంది.

వాళ్ళిద్దరూ పోయాక తమ్ముడు ఆ ఇల్లు తీసేసి, కింద షాపులు, పైన అద్దెకు పోర్షన్లు కట్టాడు. వాడి అవసరం వాడిది, తప్పు పట్టడానికి ఏమీ లేదు. నడిమిల్లు ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఒకసారి రీఛార్జి నెపంతో లోపలికి వెళ్ళి, గడప ఎక్కడ ఉండేదో మనసులోనే లెక్కగట్టుకుని అక్కడ నిలబడి వచ్చాను. ఆ కూల్చిన గచ్చులో ఒక ముక్కైనా దాచుకోవాలని అప్పట్లో నాకు తోచలేదు.

టైల్స్ షాపు నుంచి ఇంటికి వచ్చాక మా కోడలు నన్ను కుర్చీలో కూర్చోబెట్టింది. నాకు రెండు మోకాళ్ళకూ ఆపరేషను అయింది, కింద కూర్చోకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆ పిల్ల తెచ్చిన టైలు ముక్కలన్నీ నేల మీద పరిచి, నా కాళ్ళ దగ్గరే బాసింపట్టు వేసుకుని కూర్చుని, మీ గదికి మీరే చెప్పండత్తయ్యా అంది. ఎర్ర రంగుది చూపించాను. ఇది పాతకాలంలా ఉంటుందేమో అని నవ్వి, అంతలోనే దాని మీద అరచెయ్యి ఆనించి, “చల్లగానే ఉందండీ” అంది.

ఇప్పుడు మా ఇంట్లో అందరికీ కుర్చీలున్నాయి, ఎవరి ముందూ ఎవరూ లేచి నిలబడక్కర్లేదు. అమ్మ చూసి ఉంటే సంతోషించేది, నాకూ సంతోషమే. కానీ ఒక ఆడమనిషి పక్కన ఇంకో ఆడమనిషి పిలవకుండానే వచ్చి చతికిలబడి, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునే ఆ కూర్చోవడం మాత్రం మా తరంతోనే పోతున్నట్టుంది. కోడలు కింద ఉంది, నేను పైన ఉన్నాను. మా అత్తగారిలా నాకూ ఆ క్షణంలో కుర్చీ దిగి ఆ పిల్ల పక్కన కూర్చోవాలనిపించింది. కుర్చీ చేతులు పట్టుకుని కొంచెం ముందుకు జరిగాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఏం కావాలత్తయ్యా, మంచినీళ్ళా అని కోడలు గబుక్కున లేచి నిలబడింది.