కొప్పులోని కనకాంబరాలు

పాకాల నుంచి తిరుపతికి వస్తుంటే బస్సులోనే మా నాలుగేళ్ల పాపకు ఫిట్స్ వచ్చాయి. డ్రైవరు ఎక్కడా ఆపకుండా నేరుగా ఆసుపత్రి గేటు దాకా తెచ్చాడు. పాపను లోపలికి తీసుకుపోయారు. బయట నేనూ నా భార్యా కూలబడి ఏడుస్తున్నాం. బస్సులో మా వెనక సీట్లో కూర్చున్న పెద్దావిడ, పేరైనా తెలియని మనిషి, మాతోపాటే దిగి వచ్చింది.

"ఏడ్సింది సాలు. లేసి మొగాలు కడుక్కోండి. బిడ్డ కండ్లు తెరిస్తే మొదట సూసేది మీ మొగాలే గదా!" అని గద్దించింది. నా భార్యకు తల దువ్వి, తన కొప్పులోని కనకాంబరాలు తీసి ఆమె జడలో పెట్టింది.

గంట తర్వాత మమ్మల్ని లోపలికి పిలిచారు. పాప కళ్లు తెరిచి వాళ్లమ్మను ఎగాదిగా చూసింది.

"అమ్మా, యాడికి పోతా ఉండాము? పెండ్లికా?"

"పెండ్లికే!" అని వార్డంతా వినబడేలా అరిచాను.